పెళ్లి క్యాసెట్టుకు పాత కంప్యూటరే దిక్కు!

అమ్మానాన్నల పెళ్లి వీడియో చూడాలని పిల్లలకు సరదా. క్యాసెట్టు బీరువాలో భద్రంగానే ఉంది. ఆడించే వీసీఆరే లేదు. ఎలాగో సంపాదించి ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌కి తగిలిస్తే... బొమ్మ గెంతుతుంది, పెదవి ఒకచోట, మాట ఇంకోచోట! ఇవన్నీ నయమయ్యే జబ్బులే. కాకపోతే ఏ మందు ఎప్పుడు వేయాలో తెలియాలి.

జమ్మికుంట అనగానే కరీంనగర్ జిల్లా జనానికి పత్తి మార్కెట్టు గుర్తొస్తుంది. కాజీపేట-బల్లార్షా రైలు మార్గంలో ఉన్న ఊరు కావడంతో చుట్టుపక్కల పల్లెలకు ఏం కావాలన్నా ఇక్కడికి రావడం అలవాటు. లగ్గం పెట్టుకుంటే బట్టలకీ బంగారానికీ వచ్చినట్టే వీడియో మాట్లాడుకోవడానికీ వచ్చేవారు. 1990ల్లో ఆ వీడియో ఓ ముచ్చట. భుజమ్మీద పెద్ద కెమెరా, పక్కన లైటు పట్టుకునే కుర్రాడు, వెనకాల వైరు మోసే ఇంకో కుర్రాడు. లైటు తమ వైపు తిరగ్గానే కొంగు సర్దుకునే పెద్దమ్మలు, కెమెరాకి అడ్డంగా పరుగెత్తే పిల్లలు! కొన్నాళ్లకు మూడు గంటల క్యాసెట్టు చేతికొచ్చేది. వీసీపీ అద్దెకు తెచ్చి, ఇరుగుపొరుగును పిలిచి చూసేవారు. ఇంటి మనిషి ఎవరైనా గల్ఫ్‌లో ఉంటే ఓ కాపీ అటూ వెళ్లేది.

ఆ క్యాసెట్లలో ఉన్నవాళ్లలో చాలామంది ఇవాళ లేరు. తాతయ్య ఫొటో గోడమీద ఉంటుంది. కానీ ఆయన నడక, నవ్వు, బియ్యం బస్తా దగ్గర నిలబడి ఎవరినో కేకేయడం... అవి ఆ నల్లటి టేపులో తప్ప ఇంకెక్కడా లేవు. అదీ ఈ పని విలువ.

టైమెంతో లేదు

జపాన్ కంపెనీ జేవీసీ 1976లో వీహెచ్‌ఎస్ క్యాసెట్టును తెచ్చింది. ప్రపంచంలో ఆఖరు వరకూ వీసీఆర్‌లు తయారుచేసిన ఫునాయ్ సంస్థ 2016 జులైలో ఆ పని ఆపేసింది. ఆ తర్వాత కొత్త వీసీఆర్ అన్న మాటే లేదు. ఉన్నవాటికి విడిభాగాలు దొరకవు, బాగుచేసే మెకానిక్కులూ తగ్గిపోయారు. అందుకే 2019లో యునెస్కో, ప్రపంచ శబ్ద, దృశ్య భాండాగారాల సంఘంతో కలిసి ‘మాగ్నెటిక్ టేప్ అలర్ట్’ పేరుతో హెచ్చరిక చేసింది. టేపులు ఆడించే యంత్రాలు 2025 ప్రాంతానికి దాదాపు కనుమరుగవుతాయనీ, ఈలోగానే వాటిని డిజిటల్‌లోకి మార్చుకోవాలనీ దాని సారాంశం. ఆ గడువూ అయిపోయింది. ఇప్పుడు నడుస్తున్న ప్రతి వీసీఆర్ బోనస్ కిందే లెక్క.

అంతకన్నా చిక్కు టేపుతోనే. వానాకాలం చెమ్మకు చుట్టమీద తెల్లగా బూజు పడుతుంది. కిటికీలోంచి చూస్తే పొడిలాగా కనబడుతుంది. ఆ క్యాసెట్టును అలాగే వీసీఆర్‌లో పెడితే బూజు హెడ్‌కి అంటుకుంటుంది, తర్వాత పెట్టే క్యాసెట్లకూ పాకుతుంది. అలాంటిది కనిపిస్తే ఇంట్లో ప్రయోగాలు మాని, తెలిసినవాళ్లతో శుభ్రం చేయించడమే మేలు. బూజు లేకపోయినా ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి పట్టుకుని ఉంటాయి. ముందు ఒకసారి చివరివరకూ తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టాకే ఆడించాలి. మొదటి ప్రయోగం పెళ్లి క్యాసెట్టుతో వద్దు. పనికిరాని పాత సినిమా క్యాసెట్టు ఏదైనా పెట్టి, వీసీఆర్ టేపును నమిలేయడం లేదని తేలాకే అసలుది పెట్టాలి.

పాతదే గట్టిది!

కొత్త ల్యాప్‌టాప్ ఉండగా అటకమీది కంప్యూటర్ ఎందుకన్న అనుమానం రావచ్చు. ఈ ఒక్క పనికి మాత్రం పాతదే గట్టిది. 2000 తర్వాతి కాలంలో కొన్న డెస్క్‌టాప్‌లలో టీవీ ట్యూనర్ కార్డు, క్యాప్చర్ కార్డు పెట్టుకునే పీసీఐ స్లాట్లు ఉంటాయి. మినీడీవీ కెమెరాను కలిపే ఫైర్‌వైర్ పోర్టు కొన్నింటిలో ఉంటుంది, లేకపోతే కార్డు పెట్టుకోవచ్చు. ఆ కార్డుల డ్రైవర్లు విండోస్ ఎక్స్‌పీకి రాసినవి, కొత్త విండోస్‌లో చాలావరకు పనిచేయవు. కాబట్టి పాత పరికరానికి పాత కంప్యూటరే జోడీ. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే భద్రతా సాయం ఆపేసింది గనుక దానికి ఇంటర్నెట్ కనెక్షన్ మాత్రం పెట్టొద్దు. పెట్టకపోతే ఇంకో లాభం కూడా ఉంది... యాంటీవైరస్ తీసేయొచ్చు. వీడియో ఎక్కుతున్నప్పుడు మధ్యలో లేచి డిస్కును వెతికే యాంటీవైరస్ చేసే చేటు అంతా ఇంతా కాదు.

పెన్‌డ్రైవ్‌లా ఉండే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరాలు ఇప్పటికీ దొరుకుతాయి. వాటిలో మంచివీ ఉన్నాయి, నాసివీ ఉన్నాయి. పాత కంప్యూటర్‌కి పెట్టేటప్పుడు యూఎస్‌బీ 2.0 పోర్టు ఉందో లేదో చూసుకోవాలి. మొదటితరం యూఎస్‌బీ వేగం సెకనుకు 12 మెగాబిట్లే, నిండు సైజు వీడియోకి అది చాలదు. పరికరం చెడిపోయిందని అందరూ అనుకునే సందర్భాల్లో కొన్నింటికి అసలు కారణం ఆ పోర్టే.

ఫ్రేములు ఎక్కడ జారిపోతున్నాయి?

అన్నింటికన్నా ఎక్కువగా ఏడిపించే జబ్బు ఇది. పెళ్లికొడుకు గుర్రమెక్కి వస్తుంటాడు... టక్కున రెండడుగులు ముందుంటాడు. మధ్యలో ఫ్రేములు జారిపోయాయన్నమాట. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము 720 చుక్కల వెడల్పు, 576 చుక్కల ఎత్తు. ఏమాత్రం కుదించకుండా ఎక్కిస్తే సెకనుకు సుమారు 20.7 మెగాబైట్లు, గంటకు దాదాపు 75 గిగాబైట్లు! మూడు గంటల పెళ్లికి ఎంతవుతుందో లెక్కేసుకోండి. 40 జీబీ, 80 జీబీ డిస్కులతో వచ్చిన ఆనాటి కంప్యూటర్ దాన్ని ఎక్కడ మోస్తుంది?

వేగం సంగతి ఇంకా ముఖ్యం. పాత హార్డ్‌డిస్కులు ఆ వేగాన్ని అందుకోగలవు, కానీ డీఎంఏ పద్ధతిలో నడుస్తున్నప్పుడే. డిస్కు కేబులు వదులుగా ఉండో, పాతదైపోయో కొన్నిసార్లు తప్పులు దొర్లితే విండోస్ ఎక్స్‌పీ తనంతట తానే డిస్కును నిదానమైన పీఐఓ పద్ధతికి దించేస్తుంది. ఎవరికీ చెప్పదు! పీఐఓలో కాగితం మీద గరిష్ఠ వేగమే 16.6 మెగాబైట్లు. పైగా ప్రతి బైటునూ ప్రాసెసరే స్వయంగా మోయాలి. కాబట్టి ఫ్రేములు జారుతుంటే ముందుగా డివైస్ మేనేజర్‌లో ఐడీఈ చానెల్ తెరిచి, డిస్కు ఏ పద్ధతిలో ఉందో చూడాలి. పీఐఓ అని ఉంటే కేబులు మార్చి, ఆ చానెల్‌ను అక్కణ్నుంచి తీసేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ దాన్ని కొత్తగా గుర్తించి డీఎంఏలో పెడుతుంది. కొత్త ప్రాసెసర్ కొనాల్సి వస్తుందేమోనని భయపడ్డవాళ్లకు ఒక కేబులుతో సరిపోయిందంటే ఆనందమేగా.

వీడియో ఎక్కే డిస్కు వేరు, విండోస్ ఉన్న డిస్కు వేరు అయితే ఇంకా మంచిది. ఒకే డిస్కులో సి, డి అని భాగాలు చేసుకుంటే అది వేరు కిందకి రాదు. లోపల తిరిగే పళ్లెం అదే, రాసే ముల్లూ అదే.

ఇంకో లక్షణం ఉంది. క్యాప్చర్ బాగానే మొదలవుతుంది, సరిగ్గా ఇరవై నిమిషాలకు ఆగిపోతుంది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ ఇరవై నిమిషాలకే! ఇది దయ్యం పనేం కాదు. డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే ఒక ఫైలు 4 జీబీని దాటలేదు. మినీడీవీ వీడియోకి 4 జీబీ అంటే దాదాపు ఇరవై నిమిషాలు. కుదించని వీడియోకైతే మూడున్నర నిమిషాలే. డిస్కులో ఉన్నవి వేరేచోట దాచుకుని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసుకుంటే ఆ బాధ పోతుంది.

జమ్మికుంటలాంటి పత్తి ఊళ్లలో మరో సంగతీ మర్చిపోకూడదు. ప్రాసెసర్ మీది ఫ్యాన్‌లో దుమ్ము, దూది చేరితే గాలి ఆడదు. వేడెక్కి ప్రాసెసర్ నిదానిస్తుంది, లేదా కంప్యూటరే ఆగిపోతుంది. క్యాబినెట్ మూత తీసి, మెత్తటి బ్రష్షుతో శుభ్రం చేయడానికి పావుగంట చాలు.

కరెంటు పోతే? యూపీఎస్ ఉంటే సరే. లేకపోతే ఫైలు సగంలో ఆగి, తర్వాత ఎంత నొక్కినా తెరుచుకోదు. అయిపోయిందనుకుని దాన్ని డిలీట్ చేసేస్తారు చాలామంది. తొందరపడొద్దు. అప్పటివరకూ ఎక్కిన బొమ్మ చాలావరకు అందులోనే ఉంటుంది, చివర రాయాల్సిన విషయసూచిక మాత్రమే రాయలేదు. ఏవీఐ ఫైలైతే వర్చువల్‌డబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని తెరిచేటప్పుడు మొత్తం గాలించి సూచికను తిరిగి కట్టుకుంటుంది.

ఎంత కుదించాలి? ఎప్పుడు కుదించాలి?

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. డిస్కులో చోటు లేదు కాబట్టి ఎక్కించేటప్పుడే బాగా కుదించేద్దాం అనుకుంటారు. పాత ప్రాసెసర్ ఓ పక్క వచ్చే బొమ్మను పట్టుకోవాలి, ఇంకోపక్క చిన్నదిగా మడతపెట్టాలి. రెండూ ఒక్కసారే చేతకాక ఫ్రేములు వదిలేస్తుంది. అలాగని అస్సలు కుదించకపోతే డిస్కు చాలదు. మధ్యేమార్గం ఉంది. హఫ్‌వైయూవీ లాంటి కోడెక్‌లు బొమ్మలో ఒక్క చుక్క కూడా పోకుండా సైజును దాదాపు సగానికి తగ్గిస్తాయి, ప్రాసెసర్‌కి పెద్ద శ్రమ కూడా ఉండదు. డీవీ పద్ధతి అయితే కొంచెం నష్టపోయినా గంటకు 13 జీబీకి దిగుతుంది. అంటే మూడు గంటల క్యాసెట్టు 40 జీబీలో సరిపోతుంది. ఇంటి అవసరానికి ఇది చాలు.

ఇదే పద్ధతిలో ఇంకో కిటుకు ఉంది. ఇంట్లో పాత మినీడీవీ కెమెరా ఉంటే, కొన్ని మోడళ్లలో వీసీఆర్ నుంచి వచ్చే వైర్లను దానికి కలిపి, అటునుంచి ఫైర్‌వైర్ ద్వారా నేరుగా కంప్యూటర్‌లోకి తీసుకోవచ్చు. కుదింపు పని కెమెరాయే చేస్తుంది, కంప్యూటర్ కేవలం డిస్కుమీద రాసుకుంటుంది. అయిదారొందల మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ కూడా తడబడదు. ఫైర్‌వైర్ తీగను మాత్రం రెండూ ఆఫ్‌లో ఉన్నప్పుడే పెట్టాలి, లేకపోతే పోర్టు కాలిపోయే ప్రమాదముంది.

అలా ఎక్కించిన పెద్ద ఫైలును అసలు కాపీగా దాచుకోవాలి. చూడ్డానికి, పంచుకోవడానికి కావాల్సిన చిన్న ఫైలును దానినుంచి తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు. ఆ పని కొత్త కంప్యూటర్‌లోనైనా చేయొచ్చు, పాతదానికే అప్పజెప్పి రాత్రంతా వదిలేయొచ్చు. ఎనిమిది గంటలు పడుతుందా, పట్టనీ! ఇప్పుడు ఫ్రేములు జారిపోతాయన్న భయం లేదు. బొమ్మ టేపులోంచి పరుగెత్తుకు రావడం లేదు, డిస్కులో కూర్చుని ఉంది.

కుదించినదాన్ని మళ్లీ కుదించడం మాత్రం మహా తప్పు. పహాణీ జిరాక్సును మళ్లీ జిరాక్సు తీయించి, దాన్ని ఇంకోసారి తీయిస్తే అక్షరాలేమవుతాయో అందరికీ తెలుసు. డివ్‌ఎక్స్‌లో ఒకసారి, సీడీ కోసం ఎంపెగ్‌లో ఇంకోసారి, ఫోన్ కోసం ఎంపీ4లో మరోసారి... చివరికి పెళ్లికూతురి ముఖం గళ్లుగళ్లుగా మిగులుతుంది. కేవలం ముందూ వెనకా కత్తిరించుకోవాలంటే మళ్లీ కుదించాల్సిన అవసరమే లేదు. వర్చువల్‌డబ్‌లో వీడియో మెనూలోని ‘డైరెక్ట్ స్ట్రీమ్ కాపీ’ ఎంచుకుంటే ఉన్నది ఉన్నట్టు కోసి ఇస్తుంది. మామూలుగా అది ‘ఫుల్ ప్రాసెసింగ్’లో ఉంటుంది. అది చూసుకోకుండా సేవ్ కొడితే, పది నిమిషాల ఫైలు ఒక్కసారిగా పన్నెండు జీబీ అయి కూర్చుంటుంది. సాఫ్ట్‌వేర్ పిచ్చెక్కలేదు, మొత్తం విప్పి రాసిందంతే.

2000 తర్వాత చాలామంది క్యాసెట్టును స్టూడియోలో ఇచ్చి వీసీడీ చేయించుకున్నారు. ఆ పని అయిపోయిందనుకుని క్యాసెట్టును మూలపడేశారు. వీసీడీలో బొమ్మ సైజు 352 బై 288... అంటే నిండు బొమ్మలో నాలుగో వంతు. క్యాసెట్టు ఇంకా ఆడుతుంటే వీసీడీతో సరిపెట్టుకోవద్దు. సీడీ తప్ప వేరే దిక్కులేనప్పుడు అందులోని డాట్ ఫైళ్లను ఉన్నదున్నట్టు డిస్కులోకి కాపీ చేసుకోండి, వీఎల్‌సీ ప్లేయర్‌లో చక్కగా ఆడతాయి.

పెదవి ముందా... మాట ముందా?

పంతులుగారు మంత్రం చదివేస్తారు, రెండు సెకన్ల తర్వాత వినిపిస్తుంది. దీనికి మందు వేయాలంటే జబ్బు ఏ రకమో ముందు తేల్చుకోవాలి. మొదట్నుంచీ చివరిదాకా తేడా ఒకేలా ఉంటే సమస్యే కాదు, శబ్దాన్ని అంత ముందుకో వెనక్కో జరిపితే చాలు. మొదట్లో సరిగ్గా ఉండి, ఒక్కోచోట ఒక్కసారిగా తేడా పెరుగుతోందా? అక్కడ ఫ్రేములు జారాయన్నమాట. యాభై ఫ్రేములు పోతే రెండు సెకన్లు. అది మళ్లీ ఎక్కించుకోవాల్సిందే, వేరే మార్గం వెతకడం వృథా. మొదట్లో బాగుండి నెమ్మదిగా, కొంచెం కొంచెంగా జారుతూ పోతుంటే మాత్రం తప్పు గడియారాలది. బొమ్మను పట్టే కార్డుకో గడియారం, సౌండ్ కార్డుకో గడియారం. రెండింటి మధ్య అయిదు వేలల్లో ఒక వంతు తేడా ఉన్నా మూడు గంటలకు రెండు సెకన్లు దాటిపోతుంది. శబ్దం, బొమ్మ నిడివి సమానమయ్యేలా ఫ్రేమ్ రేటును సవరించే వీలు వర్చువల్‌డబ్‌లోనే ఉంది. ఆ ఒక్క ఆప్షన్ నొక్కితే మూడు గంటలూ దారిలోకొస్తాయి.

దువ్వెన పళ్లు

బరాత్‌లో ఎవరైనా చెయ్యి ఊపితే అంచులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి. ఇది చూసి కార్డు చెడిపోయిందని కంగారుపడతారు. టీవీ కోసం తీసిన వీడియోలో ఒక ఫ్రేమంటే రెండు సగాలు. ముందు సరి వరసలు, తర్వాత బేసి వరసలు లేదా అటుదిటు. పాత డబ్బా టీవీ వాటిని అలాగే ఒకదాని తర్వాత ఒకటి చూపించేది. కంప్యూటర్ తెర రెండింటినీ కలిపి ఒకేసారి చూపిస్తుంది, అందుకే దువ్వెన. అసలు కాపీని ముట్టుకోకుండా అలాగే ఉంచి, ఫోన్ కోసం చేసే చిన్న కాపీకి మాత్రం ‘డీఇంటర్లేస్’ పెట్టుకోవాలి. హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లలో ఆ సదుపాయం ఉంది. అది చేయకుండా ఎత్తు తగ్గిస్తే రెండు సగాలూ కలగలిసిపోతాయి, ఇక ఎవరూ విడదీయలేరు. డీవీలో కింది సగం ముందొస్తుంది, క్యాప్చర్ కార్డుల్లో చాలావాటికి పై సగం ముందు. ఇది తారుమారైతే నడిచేవాళ్లు ముందుకో అడుగు, వెనక్కో అడుగు వేస్తున్నట్టు వణుకుతారు.

ఇక తెర అడుగున సన్నగా మెలితిరిగే గీత ఉంటుంది. అది వీహెచ్‌ఎస్ పుట్టుక లక్షణం. హెడ్ మారేచోట వస్తుంది. డబ్బా టీవీలో అంచు చాటున ఉండి కనిపించేది కాదంతే. చిన్న కాపీలో నల్లపట్టీ వేసి కప్పేయొచ్చు.

ఏ క్యాసెట్టు ఎక్కించాలి?

ఇన్ని చెప్పుకున్నాక అసలైన ప్రశ్న ఇది. ఇంట్లో ఉన్న క్యాసెట్టు మామూలుగా మిక్సింగ్ చేసింది. పెళ్లిలో తీసిన క్యాసెట్ల నుంచి ఏరి, పూలు విచ్చుకున్నట్టూ గుండెలు తిరిగినట్టూ హంగులు పెట్టి, శబ్దం తీసేసి సినిమా పాటలు వేసిచ్చేవారు. తలంబ్రాలకో పాట, అప్పగింతలకో పాట. చూడముచ్చటే గానీ, ఆ పాట కింద ఆ రోజు మాట్లాడినవాళ్ల మాటలన్నీ పోయాయి. పైగా అది కాపీకి కాపీ, బొమ్మ ఒక మెట్టు కిందే.

తీసినది తీసినట్టున్న క్యాసెట్లను స్టూడియోలవాళ్లు చాలావరకు చెరిపి మళ్లీ వాడుకునేవారు. కొందరు మాత్రం అడిగినవాళ్లకు ఇచ్చేసేవారు. అందుకే పెళ్లి పేరు రాసిన క్యాసెట్టుతోపాటు, పేరేమీ లేకుండా సంచిలో పడున్నవాటినీ ఒకసారి ఆడించి చూడాలి. అమ్మాయివైపువాళ్ల ఇంట్లోనూ వెతికించాలి. ఒడిబియ్యం పోసేటప్పుడు అమ్మమ్మ అన్న మాట పాటల్లేని అలాంటి టేపులో ఉండిపోయి ఉండొచ్చు. దొరికితే ముందు ఎక్కించాల్సింది అదే.

ఎక్కించిన ఫైలు రెండు డిస్కుల్లో ఉండాలి, రెండూ ఒకే ఇంట్లో ఉండకపోతే ఇంకా మంచిది. బంధువులకు వాట్సప్‌లో పంపేటప్పుడు వీడియోగా పంపితే అది మళ్లీ కుదించేస్తుంది. అదే డాక్యుమెంట్‌గా పంపితే 2 జీబీ వరకూ ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది. క్యాసెట్టును మాత్రం వీడియో మొత్తం ఒకసారి కూర్చుని చూసేదాకా పారేయొద్దు.